సమాధులనూ ఖాళీ చేయించారు

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరాన మలాగా అనే చిన్న దీవి ఉంది. 1860ల్లో అక్కడ కాపురం పెట్టినవాళ్ళలో చాలామంది బెంజమిన్ డార్లింగ్ అనే నల్లజాతీయుడి సంతతి. నలుపూ తెలుపూ కలిసిన కుటుంబాలు. చేపలు పట్టి, కూలికెళ్ళి బతికారు. వాళ్ళ ఇళ్ళ కింద ఆదివాసులు తరాల కిందట తిని పారేసిన ఆల్చిప్పల దిబ్బలున్నాయి. ఆ నేలకు మొదటి మనుషులు వీళ్ళూ కాదన్నమాట. నా మనసు అక్కడే చాలాసేపు ఆగిపోతుంది.

పట్టాలు లేవంటూ 1912లో ప్రభుత్వం అందర్నీ వెళ్ళగొట్టింది. కొందరు ఇళ్ళు విప్పి తెప్పల మీద వేసుకుపోయారు. కొందరిని మందబుద్ధులని ముద్రవేసి ఆశ్రమంలో పెట్టారు. సమాధులు తవ్వి, 17 మంది అస్థికలను 5 పెట్టెల్లో సర్ది తరలించారు. చచ్చినవాళ్ళు ఎవరి స్థలం ఆక్రమించారని? రాష్ట్రం క్షమాపణ చెప్పింది 2010లో. దీవిలో ఇప్పటికీ కాపురాలు లేవు.