మా ఇంటి సోఫాకు వయసెంత?

మనిషి వయసు తెలుసుకోవాలంటే పుట్టిన తేదీ అడిగితే చాలు. సోఫా విషయంలో అలా కుదరదు. కొన్న తేదీ తెలిసినా దాని వయసు తెలిసినట్లు కాదు. మూడేళ్లకే ముసలిదైపోయిన సోఫాను మా పక్కింట్లో చూశాను. నా కంటే రెండేళ్లు పెద్దదైన సోఫా మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అని ఈ ఏడాది మా ఇంట్లో పదిహేను రోజులు చర్చ జరిగింది. ఆ చర్చలో నాకు తెలిసిన సంగతులు మన పత్రిక చదివేవాళ్లకు కూడా పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

"సోఫా" అనే మాట అరబ్బీ భాషలోని "సుఫ్ఫా" నుంచి వచ్చింది. కూర్చోవడానికి కట్టిన ఎత్తైన అరుగు అని దాని అర్థం. మన సోలాపూర్‌లో మా తాత చిన్నప్పుడు నేత పనివాళ్ల ఇళ్లలో సోఫాలు లేవు. "నాకు మగ్గం గుంటనే సోఫా" అని తాత నవ్వుతాడు. చుట్టాలు వస్తే షాబాద్ బండల మీద చద్దరు పరిచేవాళ్లట. మా ఇంటికి సోఫా అమ్మతోపాటు వచ్చింది. అమ్మ పెళ్లికి అమ్మమ్మ వాళ్లు బీరువా, మంచం, సోఫా పెట్టారు. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒక్కొక్కరు కూర్చునేవి రెండు. టేకు కట్టె, పైన మెరూన్ రంగు రెక్సిన్.

ఇన్నేళ్లలో ఆ సోఫా మీద మేము ముగ్గురం పిల్లలం ఎగిరాం, దూకాం, జ్వరం వచ్చినప్పుడు పడుకున్నాం. ఎండాకాలంలో మన ఊళ్లో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి కిటికీ నుంచి వచ్చే ఎండ సరిగ్గా సోఫా మీదనే పడుతుంది. ఆ ఎండకు రెక్సిన్ మొదట గట్టిపడింది, తర్వాత పగిలింది, చివరికి పొట్టు పొట్టుగా రాలడం మొదలైంది. నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో పని చేస్తాడు కాబట్టి మాకు చద్దర్లకు కరువు లేదు. పైన ఒక చద్దరు కప్పితే లోపల ఏముందో ఎవరికీ కనబడేది కాదు. కానీ కూర్చున్నవాళ్లకు తెలిసేది. నడిమి సీటు గుంట పడింది. అందులో కూర్చుంటే కింది చెక్క తగిలేది.

చర్చ మొదలవడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది అక్క పెళ్లి మాట. అక్క బీకాం రెండో సంవత్సరం చదువుతున్నది. చదువు అయిపోగానే సంబంధాలు చూడాలని ఇంట్లో అనుకుంటున్నారు. "వచ్చినోళ్లను గీ సోఫాల కూసోబెడతమా?" అని నాయిన బాధ. రెండోది తమ్ముని దమ్ము. వానికి ఆయాసం వచ్చినప్పుడల్లా డాక్టరు ఇంట్లో దుమ్ము ఎక్కడుందో చూడమని చెప్తున్నాడు. పాత సోఫాలో, పరుపుల్లో కంటికి కనబడనంత చిన్న పురుగులు ఉంటాయి. మన ఒంటి మీద నుంచి రాలే చర్మపు పొట్టును తిని అవి బతుకుతాయి. వాటి మలం దుమ్ములో కలిసి గాలిలోకి లేస్తే ఆయాసం ఉన్నవాళ్లకు దమ్ము వస్తుంది. అమ్మ రోజూ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని, సోఫాకు వీపు ఆనించి కింద కూర్చుని చుట్టేది. ఆ తంబాకు దుమ్ము కూడా పగిలిన రెక్సిన్‌లో నుంచి లోపలికి పోయేది.

నాయిన ఒక దుకాణంలో కొత్త సోఫా చూసి వచ్చాడు. ధర 36,000 రూపాయలు. నెలకు 3,000 చొప్పున పన్నెండు హప్తాలు. నాయిన పగారులో నెలకు 3,000 తీస్తే అక్క ఫీజుకు ఇబ్బంది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. చివరికి అక్కనే అన్నది: "నన్ను చూడొచ్చేటోళ్లు సోఫా చూసి పోతరా నాయినా? నా ఫీజు ఆగితే నేనేం చూపియ్యాలె?"

అమ్మ నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఇచ్చినవాటిలో బీరువా, సోఫా మాత్రమే మిగిలాయి. అందుకే అమ్మ సోఫాను వదలదని మేమంతా అనుకున్నాం. కానీ అమ్మ ఇలా చెప్పింది: "కట్టె మంచిగుంటే ఉంచుదాం, లేకుంటే తీసేద్దాం. మా అమ్మ ఇచ్చిందని పోరనికి దమ్ము లేపుకుంటమా?"

అప్పుడు మా వీధిలో సోఫాలు బాగుచేసే మామను పిలిచాం. ఆయన టేపు తీయలేదు, ధర చెప్పలేదు. ముందుగా సోఫా ముందరి కాలు ఒకటి పట్టుకుని ఆరంగుళాలు పైకి లేపాడు. రెండో ముందరి కాలు కూడా దానితోపాటు లేచింది. "ఇగ చూడు, ఎముకలు గట్టిగున్నయి" అన్నాడు. ఒక కాలు లేపితే రెండో కాలు నేల మీదనే ఉండిపోతే చట్రం వదులైందని, వంగిపోతున్నదని అర్థమట. తర్వాత సోఫాను బోర్లించి కింద గుడ్డ చింపాడు. అతుకులు ఊగుతున్నాయా, చెద మట్టి ఉందా, నల్లులు ఉన్నాయా అని టార్చి వేసి చూశాడు. అతుకులు బాగున్నాయి. చెద లేదు. నల్లులు కూడా లేవు. సీటు కింద పట్టీలు మాత్రం సాగిపోయాయి. ఫోమ్ నలిపితే పొడి పొడిగా రాలింది.

మామ దగ్గర నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇది. సోఫా అంటే ఒక వస్తువు కాదు, నాలుగు వస్తువులు. చట్రం, పట్టీలు లేదా స్ప్రింగులు, ఫోమ్, పైగుడ్డ. ఈ నాలుగింటికీ నాలుగు వయసులు. సోఫా 7 నుంచి 15 ఏళ్లు ఉంటుందని సాధారణంగా చెప్తారు. కానీ మంచి టేకు చట్రం అంతకంటే ఎక్కువ కాలం నిలబడుతుంది. పొట్టు అద్ది చేసిన చెక్కకు నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది. పక్కింటివాళ్ల సోఫా మూడేళ్లకే పోయింది అందుకే. రోజూ బండలు తుడిచే నీళ్లు దాని కాళ్లకు తగిలేవి.

ఫోమ్ కథ వేరు. ఫోమ్‌కు డెన్సిటీ అని ఒక లెక్క ఉంటుంది. ఒక ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగితే దాన్ని 40 డెన్సిటీ అంటారు. చాలామంది చేత్తో నొక్కి, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చూసి కొంటారు. మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను కూడా గట్టిగా తయారు చేయవచ్చు. అది దుకాణంలో బాగుంటుంది, ఇంట్లో రెండు మూడేళ్లకు కుంగిపోతుంది. కూర్చునే చోట 40, వీపు ఆనించే చోట 28 లేదా 32 ఉంటే చాలని మామ చెప్పాడు. బరువంతా సీటు మీదనే కదా పడేది.

మా తాత ఇదంతా విని తన భాషలో చెప్పాడు: "పడుగు గట్టిదైతే పేక పదిసార్లు తెగినా నేస్తం. పడుగే పుచ్చిపోతే ఏం జేస్తం?"

నేను నోటుబుక్కులో లెక్క వేశాను. పట్టీలు, ఫోమ్, పైగుడ్డ, కూలి అన్నీ కలిపి మామ 11,500 చెప్పాడు. అది ఆరేళ్లు వచ్చినా ఏడాదికి సుమారు 1,900 పడుతుంది. కొత్తది కూడా ఆరేళ్లే వస్తే ఏడాదికి 6,000. "అండ్ల కట్టె ఏందో అడిగినవా బావా?" అని మామ అడిగితే నాయిన నవ్వి ఊరుకున్నాడు. దుకాణంలో గుడ్డ రంగులు పద్దెనిమిది చూపించారు కానీ లోపలి కట్టె సంగతి చెప్పలేదట.

అయితే పాతదాన్ని ఎప్పుడూ ఉంచుకోవాలని నేను చెప్పడం లేదు. చట్రం విరిగితే, చెద లోపలిదాకా తింటే, నల్లులు అతుకుల్లోకి దూరి ఎన్నిసార్లు మందు కొట్టినా తిరిగి వస్తుంటే తీసేయడమే మంచిది. బాగుచేసే ఖర్చు అలాంటి కొత్తదాని ధరలో సగం దాటినా ఆలోచించాలి. ముసలివాళ్లు చేయి పట్టుకోకుండా లేవలేనంత లోతుగా సీటు కుంగితే, డబ్బులు చేతికి వచ్చేదాకా ఆగకుండా కనీసం ఫోమ్ అయినా మార్చాలి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఉంటే పైగుడ్డ ఒక్కటే మార్చి లోపల పాత ఫోమ్ ఉంచడం దండగ.

మేము రెక్సిన్ వద్దనుకున్నాం. జిప్పు ఉన్న గుడ్డ కవర్లు కుట్టించాం. విప్పి ఉతకవచ్చు. సోఫాను పడమటి కిటికీ దగ్గర నుంచి జరిపాం. కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టాం. అమ్మ బీడీల చాట వరండాలోకి మారింది. వారానికి ఒకసారి సీట్ల స్థానాలు మారుస్తాం, ఎందుకంటే అందరూ టీవీకి ఎదురుగా ఉన్న సీటులోనే కూర్చుంటారు.

పాత ఫోమ్ ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న అయింది. మా గల్లీ పిల్లలు హోళీ మంటలో వేద్దామన్నారు. మామ కోప్పడ్డాడు. ఫోమ్ పెట్రోలియం నుంచి తయారవుతుంది, కాలిస్తే విషవాయువులు వస్తాయి. దమ్ము తగ్గాలని సోఫా బాగుచేసి, అదే ఫోమ్ పొగను తమ్మునికి పీల్పిస్తామా? సంచుల్లో కట్టి మున్సిపాలిటీ చెత్త బండికి ఇచ్చాం.

సోఫా మార్చినంత మాత్రాన తమ్ముని దమ్ము పోలేదు. ఇన్‌హేలర్ ఇప్పటికీ వాడుతున్నాడు. కానీ ఇప్పుడు సోఫా మీద బోర్లా పడుకుని హోంవర్కు చేస్తుంటే అమ్మ లేపడం లేదు. అక్క ఫీజు సమయానికి కట్టాం.

పని అయిపోయాక మామ సీటు కింద చెక్క మీద పెన్సిలుతో నెల, సంవత్సరం, "40" అని రాశాడు. మళ్లీ ఎప్పుడైనా విప్పినవాళ్లకు తెలియాలని. అక్కడే పక్కన మసకబారిన ఇంకో రాత కనబడింది. సోఫా చేసిన వడ్రంగి రాసిన తేదీ అది, అమ్మ పెళ్లికి పదకొండు రోజుల ముందుది. అమ్మ ఆ రాతను చేత్తో తడిమి, గుడ్డ కొట్టేయమని మామతో చెప్పింది.

మిత్రులారా, మీ ఇంట్లో సోఫా మార్చాలనే మాట వస్తే దుకాణానికి పోకముందు ఒకసారి దాన్ని బోర్లించి చూడండి. ఒక్కరే ఎత్తకండి, బరువు ఉంటుంది.