కిబ్లా దిక్కు మారే దీవి

చుట్టూ నీలి సముద్రం, తీరమంతా రిసార్టులు. అలాంటిచోట అయిదు పూటలా నమాజు తప్పని కుటుంబం ఓ వారం ఇబ్బంది లేకుండా గడపగలదా? నల్లమల అంచున ఉన్న ఆత్మకూరులాంటి ఊళ్లలో ఇప్పుడిప్పుడే వినిపిస్తున్న ఈ ప్రశ్నకు మారిషస్ దగ్గర మంచి జవాబే ఉంది.

ఆత్మకూరుకు అడవి తెలిసినంతగా సముద్రం తెలీదు. ఊరు దాటి దోర్నాల వైపు వెళ్తే బైర్లూటి, ఆపైన పులులు తిరిగే నల్లమల. రెండోవైపు వెళ్తే నందికొట్కూరు, కర్నూలు. శ్రీశైలం జలాశయం నిండి సంగమేశ్వరం గుడి నీట మునిగినప్పుడు కనిపించే నీళ్లే ఈ చుట్టుపక్కల వారికి సముద్రంతో సమానం.

ఇక్కడి ముస్లిం ఇళ్లలో విదేశీ ప్రయాణమంటే చాలాకాలంగా రెండే. ఒకటి హజ్, ఉమ్రా. రెండోది గల్ఫ్ ఉద్యోగం. మొదటిది ఆరాధన, రెండోది బతుకుతెరువు. పిల్లలు చదువుకుని హైదరాబాదు, బెంగళూరుల్లో స్థిరపడ్డాక ఇప్పుడు మూడోరకం ప్రయాణం ఇళ్లలోకి వస్తోంది. ‘అందరం కలిసి ఓ వారం ఎటైనా వెళ్లొద్దాం’ అన్నదే ఆ మూడోది.

ఆ మాట రాగానే ఇంట్లో పంచాయతీ మొదలవుతుంది. పిల్లలు బీచ్ అంటారు. దాదీ మాత్రం మూడే ప్రశ్నలు అడుగుతుంది. అక్కడ తినేదేంటి? నమాజు ఎక్కడ? అందరూ అర్ధనగ్నంగా తిరిగేచోట కోడళ్లూ మనవరాళ్లూ ఎలా కూర్చుంటారు? వాటికి జవాబు దొరక్క చివరికి ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. ఆమెకు తోడుగా పెద్ద కోడలు కూడా ఆగిపోతుంది. కుటుంబమంతా వెళ్లాల్సిన యాత్ర కాస్తా సగం కుటుంబానిదవుతుంది. డబ్బు కూడగట్టుకున్న వాళ్లను కూడా గుమ్మం దగ్గర ఆపేస్తున్నవి ఈ మూడు ప్రశ్నలే.

ముందే వెళ్లారు మనవాళ్లు

హిందూ మహాసముద్రంలో ఆఫ్రికాకు తూర్పున ఉంటుంది మారిషస్. ప్రధాన దీవి వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మన నంద్యాల జిల్లాలో అయిదో వంతు. ఆ చివర నుంచి ఈ చివరకు 65 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి కర్నూలు వెళ్లినంత దూరమన్నమాట!

పంచదార కోసం చెరకు తోటలు వేసిన దొరలకు కూలీలు కావాల్సి వచ్చారు. బానిసత్వం రద్దయ్యే సమయానికి వాళ్ల చూపు భారతదేశంపై పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కలకత్తా నుంచి వచ్చి దిగారు. అప్పటి నుంచి 1920 దాకా ఒప్పందపు కూలీలుగా ఆ దీవిలో అడుగుపెట్టిన వాళ్లు సుమారు నాలుగున్నర లక్షలు. వాళ్లలో భోజ్‌పురి మాట్లాడే బిహారీలే ఎక్కువ. తమిళులు, మరాఠీలు, తెలుగువాళ్లు కూడా ఉన్నారు. గోదావరి మొగలోని కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మనవాళ్లకు అక్కడ ఆ రేవు పేరే స్థిరపడింది. వాళ్ల వారసులకు ఇప్పటికీ ఉగాది పండగే, ఆరోజు దేశమంతటికీ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగిందీ అక్కడే.

ఆ ఓడల్లో వెళ్లిన కూలీల్లో ముస్లింలూ ఉన్నారు. ఆ తర్వాత గుజరాత్ నుంచి వర్తకులు వెళ్లారు. ఈ ఇద్దరికన్నా ముందే అక్కడికి చేరినవాళ్లు లాస్కర్లు, అంటే ఓడల్లో పనిచేసే ముస్లిం నావికులు. రాజధాని పోర్ట్ లూయిస్‌లోని అల్ అక్సా మసీదును వాళ్లు ఫ్రెంచి పాలనలోనే, 1805లో కట్టుకున్నారు. దీవిలో మొట్టమొదటి మసీదు అదే. ఇప్పుడు మారిషస్ జనాభాలో ప్రతి వందమందికీ 17, 18 మంది ముస్లింలు. రంజాన్ పండగకు ప్రభుత్వ సెలవు. ఉర్దూ బడుల్లో నేర్పుతారు. మొహర్రం నాడు పోర్ట్ లూయిస్‌లో తాజియాలు ఊరేగించే సంప్రదాయం ఉంది, దాన్ని ‘గూన్’ అంటారు. పీర్ల పండగ చూస్తూ పెరిగిన సీమవాసులకు అదేంటో వివరించి చెప్పక్కర్లేదు.

అందుకే ఆ దీవిలో హలాల్ భోజనం, మసీదు, తలపై ముసుగు అన్నవి పర్యాటకుల కోసం కొత్తగా పెట్టిన ఏర్పాట్లు కావు. ఊళ్లో వాళ్ల రోజువారీ బతుకులోనివే. బయటి నుంచి వెళ్లిన కుటుంబం అందులో తేలిగ్గా కలిసిపోతుంది.

దాల్ పూరీ... హలీం

మొదటి ప్రశ్న తిండిది. మారిషస్ వీధుల్లో ఎక్కడ చూసినా కనిపించేది ‘ధోల్ పురి’. ఉడికించిన పప్పును పొడిపొడిగా నూరి, పిండిలో పెట్టి పల్చగా ఒత్తి పెనంమీద కాలుస్తారు. బెల్లం లేని ఓళిగ అనుకోవచ్చు. పైన బీన్స్ కూర, టొమాటో గుజ్జు, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. పప్పు నానబెట్టి రుబ్బి, మిరపకాయలు కలిపి నూనెలో వేయించిన చిన్న చిన్న వడలను ‘గాతో పిమా’ అంటారు. ఫ్రెంచిలో పేరు ఘనంగా ఉన్నా రుచి మాత్రం మన మసాలా వడే. రెండింటిలోనూ మాంసం ఉండదు కాబట్టి అనుమానం లేకుండా తినొచ్చు.

మాంసం కావాలంటే పోర్ట్ లూయిస్‌లో ముస్లింలు ఎక్కువగా ఉండే ప్లెయిన్ వెర్ట్ ప్రాంతం ఉంది. పెద్ద పెద్ద డేగిశాల్లో బంగాళాదుంప ముక్కలు వేసి దమ్ చేసిన ‘బ్రియానీ’ అక్కడ దొరుకుతుంది. హలీం కూడా ఉంటుంది. హైదరాబాదీ హలీంలా గట్టిగా కాకుండా సూపులా జారుగా చేస్తారు. సెంట్రల్ మార్కెట్లో ‘అలూదా’ తాగితే మన ఫాలూదా గుర్తుకొస్తుంది. చాలా దుకాణాలకు హలాల్ బోర్డులుంటాయి. లేనిచోట ‘ఎస్కీ సా హలాల్?’ అని అడిగితే చాలు. ‘ఇది హలాలేనా?’ అని అక్కడి క్రియోల్ భాషలో అర్థం.

జాగ్రత్త పడాల్సింది రిసార్టుల్లో. అక్కడి వంటపై ఫ్రెంచి ప్రభావం ఎక్కువ. సాసుల్లో వైను, కేకుల్లో రమ్ము కలిసే అవకాశముంది. నూడుల్స్ వేయించే పెనంమీదే పంది మాంసమూ వేయించొచ్చు. కాబట్టి గది తీసుకునే ముందే ఉత్తరం రాసి హలాల్ మాంసం, విడి పాత్రల సంగతి తేల్చుకోవడం మంచిది. ఇంకో కిటుకు కూడా ఉంది. ‘అన్నీ కలిపి’ అంటూ అమ్మే ప్యాకేజీల ధరలో సాధారణంగా మద్యం ఖర్చు కూడా కలిసే ఉంటుంది. తాగని కుటుంబం ఆ డబ్బు ఊరికే ఎందుకు కట్టాలి? అలాంటివాళ్లకు వంటగది ఉన్న అపార్టుమెంటో, నాష్టా ఒక్కటే కలిసిన గదో మేలు. బజారు నుంచి హలాల్ కోడి తెచ్చుకుని వండుకుంటే దాదీ చేతి సాలనుకు సముద్రపు గాలి తోడవుతుంది!

పడమర కాదు... ఉత్తరం!

రెండో ప్రశ్న నమాజు. ఇక్కడే ఓ చిన్న తమాషా ఉంది. ఆత్మకూరులో పుట్టి పెరిగినవాళ్లకు కిబ్లా అంటే పడమర. కాస్త ఉత్తరానికి ఒరిగినా పడమరే లెక్క. జీవితమంతా అస్తమించే సూర్యుడి వైపు తిరిగి నమాజు చేసినవాళ్లు మారిషస్‌లోనూ అలవాటుగా అటే తిరుగుతారు. కానీ ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన, మక్కాకు చాలా కిందుగా ఉంది. అక్కడి నుంచి కిబ్లా ఉత్తరం వైపు, కొద్దిగా పడమరకు ఒరిగి ఉంటుంది. గదిలోకి అడుగుపెట్టగానే దిక్సూచి చూసుకుని జానమాజ్ పరవాల్సిందే.

వేళలూ మారతాయి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. మనకు ఎండలు మండే మే, జూన్ నెలలు వాళ్లకు చలికాలం. జూన్‌లో సాయంత్రం ఆరు కొట్టకముందే పొద్దుగూకి మగ్రిబ్ వేళ అయిపోతుంది. అందుకే స్థానిక మసీదు వేళల పట్టిక దగ్గర ఉంచుకోవాలి. ప్రయాణంలో ఉన్నవాళ్లు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుకు కుదించుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది.

మసీదులు పట్టణాల్లోనే కాదు, పల్లెల్లోనూ కనిపిస్తాయి. తప్పక చూడాల్సింది పోర్ట్ లూయిస్ రాయల్ రోడ్డులోని జుమ్మా మసీదు. 1850లలో కట్టిన ఈ తెల్లటి మసీదు చైనా టౌన్ పక్కనే ఉంటుంది. లోపలి ఆవరణలో పాత బాదం చెట్టు నీడ. కచ్ నుంచి వచ్చిన సూఫీ జమాల్ షా సమాధి ఇక్కడే ఉంది. కడప పెద్ద దర్గాకు వెళ్లొచ్చే సీమ కుటుంబాలకు ఆ నీడ కొత్తగా అనిపించదు. మసీదులన్నిట్లో ఆడవాళ్లకు విడిగా చోటు ఉండకపోవచ్చు కాబట్టి ముందే కనుక్కోవడం మంచిది.

సరుగుడు నీడలో ఆదివారం

మూడో ప్రశ్న తీరానిది. దీవికి దాదాపు చుట్టూతా పగడపు దిబ్బలున్నాయి. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి. ఒడ్డు దగ్గర నీళ్లు చాలాచోట్ల చెరువులా నిలకడగా, లోతు లేకుండా ఉంటాయి. పిల్లలు ఆడుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

రిసార్టుల ముందు యూరప్ పర్యాటకులు తమ పద్ధతిలో తాముంటారు. అది ఇబ్బంది అనుకునే కుటుంబాలకు మోన్ ష్వాజీ, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, బెల్ మార్‌లాంటి పబ్లిక్ బీచ్‌లున్నాయి. ఆదివారం వచ్చిందంటే స్థానిక కుటుంబాలు బ్రియానీ గిన్నెలు, చాపలు, చిన్న డేరాలతో సరుగుడు చెట్ల కింద దిగిపోతాయి. చీర కట్టినవాళ్లు, తలపై దుపట్టా చుట్టినవాళ్లు, గౌన్లు వేసినవాళ్లు అందరూ ఒకే తీరంలో. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులతో సముద్రంలో దిగినా అక్కడ వింతగా చూసేవాళ్లు తక్కువ. హోటళ్ల ఈత కొలనుల నిబంధనలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉండొచ్చు, అడిగి తెలుసుకోవాలి.

బస్సెక్కితే దీవంతా

విమానాశ్రయం దీవికి ఆగ్నేయంలో ఉంది. పోర్ట్ లూయిస్ అక్కడికి సుమారు 48 కిలోమీటర్లు. మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి వాహనాలు. రాజధానిలో రెండు పెద్ద బస్టాండ్లు. ఉత్తరం వైపు బస్సులు ఇమిగ్రేషన్ స్క్వేర్ నుంచి, దక్షిణం వైపువి విక్టోరియా నుంచి బయల్దేరతాయి. కండక్టరు బస్సులోనే టికెట్ కొడతాడు. పల్లె బస్సులు మాత్రం చీకటి పడ్డాక తగ్గిపోతాయి, తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి. భారతదేశ సాయంతో ఎల్ అండ్ టీ నిర్మించిన మెట్రో ఎక్స్‌ప్రెస్ పోర్ట్ లూయిస్‌ను క్యూర్‌పిప్‌తో కలుపుతుంది. ఆ దారి 2022లో పూర్తయింది.

టాక్సీ అయితే ఎక్కకముందే ధర మాట్లాడుకోవాలి. ఏడెనిమిది మంది ఉన్న కుటుంబానికి డ్రైవరుతో సహా రోజంతటికీ వ్యాన్ మాట్లాడుకుంటే గిట్టుబాటు. దారిలో ఏ మసీదు దగ్గరైనా ఆగొచ్చు. పాంప్లెమూస్ తోటలో పళ్లేలంత ఆకులు పరిచే పెద్ద కలువలు, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి తిన్నెలు, దక్షిణాన తేయాకు తోటలు రెండు రోజుల్లో చూసేయొచ్చు. తూర్పు తీరం నుంచి పడవలో ‘ఇల్ ఓ సెర్ఫ్’ అనే చిన్న దీవికి తీసుకెళ్తారు. ఆ పడవ యాత్రల్లో పెట్టే కాల్చిన మాంసం హలాలో కాదో ముందే అడగాలి. లేదంటే పొద్దున్నే దాల్ పూరీలు కట్టించుకెళ్లడం సుఖం.

ఎప్పుడు... ఎలా?

జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల కాలం కాబట్టి సంక్రాంతి సెలవులు వద్దు. కర్నూలులో ఎండ నలభై డిగ్రీలు దాటే మే నెల, లేదంటే దసరా సెలవులు అనువైనవి. ఆత్మకూరు నుంచి కర్నూలు మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి ముంబయి వెళ్తే మారిషస్‌కు నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం ఆరు గంటలకు పైనే. టికెట్ తీసుకునేటప్పుడే ‘ముస్లిం మీల్’ కోరుకోవచ్చు. భారతీయులు పర్యటనకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. అయితే తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బు చూపించాలి. ఆన్‌లైన్ ప్రయాణ పత్రం కూడా నింపాలి. అక్కడి నాణెం పేరూ రూపాయే. కాకపోతే మన రూపాయికన్నా విలువెక్కువ, లెక్క చూసుకుని ఖర్చు పెట్టాలి.

వెళ్లినవాళ్లు పోర్ట్ లూయిస్ రేవు పక్కనున్న ‘ఆప్రవాసీ ఘాట్’ చూడకుండా రాకూడదు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగిన కూలీలు ఎక్కిన రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. వాటిమీద నడిచినవాళ్లు సరదాకు వచ్చినవాళ్లు కారు, తిరిగి వెళ్లే టికెట్ చేతిలో ఉన్నవాళ్లూ కారు. మూటలో ఏం తెచ్చుకున్నారోగానీ పప్పు రుబ్బడం, బ్రియానీ దమ్ చేయడం, అజాన్ వినగానే లేవడం మాత్రం మరిచిపోలేదు. ఈనాడు ఆత్మకూరు దాదీ తన మూడు ప్రశ్నలనూ పక్కన పెట్టి మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ తీరంలో నడవగలుగుతుందంటే... అది వాళ్ల చలవే.