ఉస్తాద్ మా క్లబ్బు మెంబరు కాదట

మా కార్ల క్లబ్బులో 32 మందిమి ఉన్నాం. ఇద్దరు డాక్టర్లనీ, ఒక లెక్చరర్నీ, మియాపూర్ రియల్ ఎస్టేటాయన్నీ తీసేస్తే మిగిలినవాళ్ళంతా సాఫ్ట్‌వేరే. అన్నీ పాత పెట్రోలు బళ్ళు... మారుతి ఎయిట్ హండ్రెడ్‌లు, జెన్‌లు, ఎస్టీమ్‌లు, ఒకే ఒక్క కాంటెస్సా. అమ్మితే వచ్చే డబ్బుకన్నా రిపేరుకే ఎక్కువ పెట్టే బాపతన్నమాట. ఇందులో సగం మందికి స్పార్క్ ప్లగ్ విప్పడం కూడా రాదు (కాంటెస్సా ఓనరుతో సహా). మరి అవి ఎలా నడుస్తున్నాయయ్యా అంటే, బార్కస్‌లో ఒక రేకుల షెడ్డు ఉంది, అందులో ఉస్తాద్ ఉన్నాడు కాబట్టి.

బార్కస్ అంటే మనవాళ్ళకి మండీ, జామకాయలు. అంతకు మించి తెలీదు. ఆ పేరు ఇంగ్లీషు బారక్స్ అరిగి వచ్చినదే. నిజాం సైన్యంలో కొలువుకి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇక్కడ స్థిరపడింది. హైదరాబాదులో వాళ్ళని చావూష్‌లంటారు. 1948 పోలీసు చర్యతో ఆ కొలువులు పోయాయి. 1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగాక మళ్ళీ సముద్రం దాటడం మొదలైంది, ఈసారి డ్రైవర్లుగా, మెకానిక్కులుగా. మా ఉస్తాద్ కూడా అలాగే షార్జా గ్యారేజీల్లో 14 ఏళ్ళు పనిచేసి వచ్చాడు. మాతో తెలుగు, ఇంజనుతో ఉర్దూ మాట్లాడతాడు.

సరే, అసలు విషయానికొస్తాను. 2025 జనవరిలో దుబాయి 24 గంటల రేసు చూడ్డానికి వెళ్దామని క్లబ్బులో ప్లాన్ వేశాం. హోటళ్ళొద్దు, అల్ ఖుద్రా ఎడారిలో గుడారాలు వేసుకుందామని. అక్కణ్ణించి ఆటోడ్రోమ్‌కి కారులో దగ్గరే, చలికాలం కూడా. ఎప్పటినుంచో పోగేసిన చందా డబ్బులుండటంతో, వెళ్ళేవాళ్ళ టికెట్లో సగం క్లబ్బు భరించాలని తీర్మానం చేశాం. తొమ్మిది మంది పేర్లిచ్చారు. పదో పేరు నేను రాశాను: ఉస్తాద్.

గొడవ అక్కడ మొదలైంది. "ఆయన మెంబరు కాదు కదా" అన్నాడు మా ట్రెజరర్. నియమావళిలో స్పష్టంగా ఉంది, సొంత కారున్నవాళ్ళకే సభ్యత్వం. ఉస్తాద్‌కి ఉన్నది పాత బజాజ్ స్కూటర్. "ఆయనకి మనం బిల్లు కడుతున్నాం, అంటే వెండర్. వెండర్‌కి క్లబ్బు డబ్బుతో టికెట్ కొంటే రేపు ఎవరైనా లెక్కలడిగితే ఏం చెప్పను?" ట్రెజరర్ చెడ్డవాడేం కాదండీ. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆ వాదన నేను ఎక్కడ విన్నానో మీకూ తెలుసు. ఒకే టీము, ఒకే రిలీజు, రాత్రి రెండింటికి ఒకే కాల్‌లో ఉంటాం. కానీ ఒకడి మెడలో తాడు ఒక రంగు, ఇంకొకడిది ఇంకో రంగు. టీమ్ లంచ్ రోజున రెండో రంగువాడు డబ్బా తెచ్చుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో చూస్తున్నదాన్ని ఆదివారం నాడు కూడా చూడాలా అని నా బాధ. ఓటు పెడితే ఓడిపోయాను.

ఈ సంగతి ఉస్తాద్‌కి ఎవరు మోశారో గానీ, ఆయనేం అనుకోలేదు. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, షార్జాలో మేనల్లుడింట్లో దిగి, శుక్రవారం సాయంత్రానికి ఓ పెద్ద గిన్నె నిండా మండీతో మా గుడారాల దగ్గరికి వచ్చేశాడు. అప్పటికి మావాళ్ళు గుడారం మేకులు ఇసకలో దిగక తిప్పలు పడుతున్నారు. ఆయన సంచుల్లో ఇసక నింపి, తాళ్ళు వాటికి కట్టి పాతిపెట్టాడు. పది నిముషాల పని. ట్రెజరర్ గుడారమే ముందు నిలబడింది :)

ఇక రేసు. 2006లో మొదలైన పోటీ ఇది. ట్రాకు 5.39 కిలోమీటర్లు. ఒక్కో కారుకి కొందరు డ్రైవర్లు వంతులేసుకుంటారు. ఈ సిరీస్‌కి పేరు తెచ్చినవి రెండు ఏర్పాట్లు. ఒకటి, పెట్రోలు ఎవరి గ్యారేజీ ముందు వాళ్ళు కొట్టించుకోరు, అందరికీ కలిపి ఒక బంకు ఉంటుంది, అక్కడికే వెళ్ళాలి. రెండోది కోడ్ 60. ట్రాకు మీద ఏదైనా ప్రమాదం జరిగితే అందరూ 60 కిలోమీటర్ల వేగానికి దిగిపోవాలి, ఓవర్‌టేకింగ్ లేదు. సర్వర్లకి రేట్ లిమిట్ పెట్టినట్టు. బంకు దగ్గర లైను చూసి ఉస్తాద్ తెగ సంబరపడ్డాడు, చాంద్రాయణగుట్టలా ఉందని.

స్టాండ్లలో సగం తమిళ జెండాలే. అజిత్ ఆ ఏడాదే సొంత జట్టుతో దిగాడు. (పుట్టింది సికింద్రాబాదులో కదా, మనవాడే అని నేను అంటే పక్కాయన ఊరుకోలేదు.) ఆ వారమే ప్రాక్టీసులో ఆయన కారు గోడకి గుద్దుకుని గిర్రున తిరిగింది. దెబ్బలు తగల్లేదు గానీ ఆ కారు నడపకుండా పక్కకి తప్పుకుని, ఇంకో కారులో కొంతసేపు నడిపాడు. జట్టు మాత్రం తన విభాగంలో మూడో స్థానం తెచ్చుకుంది.

మన హైదరాబాదులో కూడా 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ జరిగింది. గంటన్నా పట్టకుండా అయిపోయింది. మరుసటేడాది రేసయితే రద్దే అయింది. అప్పుడు మేం చూసింది కార్లనే. ఇక్కడ కార్లని చూసీ చూసీ కళ్ళు అలిసిపోతాయి, తెల్లవారుజాము మూడయ్యేసరికి హెడ్‌లైట్ల గీతలు తప్ప ఏమీ కనబడవు. అప్పుడు ఉస్తాద్ మమ్మల్ని పిట్‌లకి ఎదురుగా ఉన్న స్టాండులోకి లాక్కెళ్ళాడు. ఒక కారు గ్యారేజీలోకి వచ్చింది, బ్రేకులు మార్చాలి. డిస్కులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూచుని విప్పుతున్నాడు. ఉస్తాద్ వేళ్ళ మీద లెక్క పెడుతూ, "డ్రైవరాఁ చార్ హై, సోకే ఆతే. యే లడ్కా కల్ సే ఖడా హై" అన్నాడు. డ్రైవర్లు నలుగురున్నారు, పడుకుని వస్తారు, ఈ పిల్లాడు నిన్నటి నుంచి నిలబడే ఉన్నాడని. గొంతులో జాలేం లేదు. పోటీ ఆ కుర్రాడిది అన్నట్టు, ఆయన వాడికోసమే చూస్తున్నాడు. కారు బయటికి వెళ్ళగానే వాడు టైరు మీద తల పెట్టి అక్కడే నిద్రపోయాడు. పక్కనున్న ట్రెజరర్ ఆవలింత ఆపుకుంటూ, "వాడికి షిఫ్టు ఎప్పుడు దిగుతుందో" అన్నాడు. "రేసు అయ్యాక" అన్నాడు ఉస్తాద్, ఈసారి తెలుగులో.

తిరిగొచ్చాక ఏడాది దాటినా నియమావళి మారలేదు. ఈసారి సర్వసభ్య సమావేశంలో మళ్ళీ పెడుతున్నాను: "సొంత కారున్నవాళ్ళకి" అన్నచోట "క్లబ్బు కార్లు నడపడంలోనో, నడిచేలా చెయ్యడంలోనో పాలున్నవాళ్ళకి" అని. మెంబరయ్యాక బిల్లులో డిస్కౌంట్ అడుగుతామేమో అని ట్రెజరర్ కొత్త అనుమానం లేవదీశాడు. సబబైన అనుమానమే, అడగకూడదని ఇంకో లైను కలిపాం. ఉస్తాద్‌కి ఇంకా చెప్పలేదు. చెబితే ముందు చందా ఎంత అని అడుగుతాడు.