ఇనుప నేలలో పాలిపోయిన పిల్లలు

విశాఖ నుంచి కిరండూల్ బండెక్కి అరకు, కోరాపుట్ దాటి జగదల్‌పూర్‌లో దిగాను. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే వేసిన దారి ఇది. అక్కణ్నుంచి ఆటోలో నగర్‌నార్. ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు తీయగల ఎన్‌ఎండీసీ కర్మాగారం ఇక్కడే, 2023లో మొదలైంది. నేను వచ్చింది మాత్రం పందిపిల్లల్ని చూడ్డానికి.

వెంట వచ్చినాయన భోపాలపట్నం వైపు తెలుగాయన, పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాడు. ముందుగా ఒక ఆదివాసీ ఇంటి పెరటికి తీసుకెళ్లాడు. నల్లటి నాటు పంది ఎర్రమట్టిని ముట్టెతో కెళ్లగిస్తోంది. వారం కూడా నిండని పిల్లలు దాని వెనకే చిన్న చిన్న ముట్టెలతో అదే పని చేస్తున్నాయి.

"వీటి మందు వీటి కాళ్ల కిందే ఉంది సార్" అన్నాడాయన.

రోడ్డుకు అవతల కొత్త షెడ్డు. సిమెంటు గచ్చు, రోజూ కడుగుతున్నారు. తెల్ల సీమపంది ఈని రెండు వారాలు. పిల్లలు గుండ్రంగా ముద్దొస్తున్నాయి కానీ, ఆయన ఒకదాన్ని ఎత్తి చెవిని వెలుతురుకు పట్టి చూపిస్తే కాగితంలా తెల్లగా ఉంది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది.

"నిన్న రెండు పోయాయి దాదా. బాగా బలిసినవే పోయాయి" అన్నాడు కుర్ర రైతు హల్బీలో.

బలిసినవే ఎందుకు పోతాయో లెక్క చూస్తే తెలుస్తుంది. పందిపిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది. రోజుకు 7 మిల్లీగ్రాములకు పైగా కావాలి. తల్లిపాలలో దొరికేది ఒక్క మిల్లీగ్రామే. పుట్టిన బరువు పది రోజుల్లోపే రెట్టింపవుతుంటే, నెత్తురు ఆ వేగాన్ని అందుకోలేదు. ఎక్కువ పాలు తాగి త్వరగా పెరిగినదే ముందు కూలుతుంది. తల్లికి ఇనుము తినిపిస్తే చాలదా అని అడిగాను. అది పాలలోకి దిగదట. పిల్లలకు ఇనుమున్న మట్టి అయినా దొరకాలి, ఇనుము సూది అయినా పడాలి.

ఆయన సంచిలోంచి ఐరన్ డెక్స్‌ట్రాన్ సీసా తీశాడు. మెడ కండలో, ఒక్కో పిల్లకు 200 మిల్లీగ్రాములు. మూడో రోజున వేయాల్సిన సూది పద్నాలుగో రోజున పడింది. గచ్చు ఎలా పోయాలో చెప్పినవాళ్లు ఈ సూది మాట చెప్పలేదని రైతు బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే.

మూలన దాణా తొట్టి. తౌడు, దాంట్లో ఎముకలు గట్టిపడాలని దోసెడు సున్నపురాయి పొడి. ఇదీ ప్రమాదమే. తౌడులోని ఫైటేటు అనే పదార్థం జింకును పట్టేస్తుంది, సున్నం మితిమీరితే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. జింకు అందక, పాలు మాన్పిన పిల్లల చర్మం పొక్కులు కట్టి బెరడు తేలుతుంది. గజ్జి అనుకుని నూనె రాస్తే తగ్గదు. చిన్న పందిపిల్లల దాణాలో కిలోకు 100 మిల్లీగ్రాముల జింకు ఉండాలి. రాగి 6 మిల్లీగ్రాములు చాలు, సెలీనియం ఒక మిల్లీగ్రాములో మూడో వంతు కూడా అక్కర్లేదు. అందుకే వీటిని చేతికొచ్చినంత చల్లకూడదు, దాణాలో తూకం ప్రకారం ఖనిజ లవణ మిశ్రమం కలపాలి.

పందుల షెడ్డుకు సిమెంటు గచ్చు పోయించే రైతులకు నా విన్నపం ఒక్కటే: పంది ఈనకముందే పశువైద్యుణ్ని కలిసి, మూడో రోజు సూదికి ఏర్పాటు చేసుకోండి. అది అందేలోపు, పందులు తిరగని చోటు నుంచి తవ్విన ఎర్రమట్టి గడ్డ ఒకటి పిల్లల ముందు పెట్టండి.