ద్వంద్వమా? తత్పురుషమా?

కొండదారులలో తొక్కుకుంటూ ఎక్కి దిగడానికీ, లిఫ్టు పైకి మోసుకుపోయే బైకు పార్కులో వేగంగా దూకుతూ దిగడానికీ ఒకే సైకిలు కావాలంటే ఏది కొనాలి? నలభై ఏళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడి వద్దకు ఈ ప్రశ్న రావడం విచిత్రమే. అయినా వచ్చింది. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉన్న బెల్లింగ్‌హాంలో నివసిస్తున్నది. క్రిందటి వేసవి అక్కడ గడిపాను. మనవడికి పందొమ్మిదేళ్ళు. రెండు వేసవులు ఒక గిడ్డంగిలో బరువులెత్తి నాలుగు వేల డాలర్లు కూడబెట్టుకున్నాడు. పాత సైకిలు చట్రం బీటలిచ్చింది. ఉన్న డబ్బుకు ఒక్కటే వస్తుంది. పార్కులో పడి వాడి స్నేహితుడొకడు భుజపుటెముక విరగ్గొట్టుకున్న నాటినుండి మా అమ్మాయి ఈ సైకిళ్ళ మాటే ఎత్తనివ్వడం లేదు. కనుక కొనుగోలు వ్యవహారం తాతగారి న్యాయస్థానానికి చేరింది.

ముందు రెండు చోట్లనూ చెప్పాలి. బెల్లింగ్‌హాం ఊరి అంచునే గాల్‌బ్రెయిత్ కొండ ఉన్నది. కలప కోసం పెంచే అడవి అది. దాని నడుమ సైకిళ్ళ బాటలను స్వచ్ఛందంగా పనిచేసేవారు తీర్చి కాపాడుతుంటారు. అక్కడ లిఫ్టు లేదు. ఎంత దిగాలనుకుంటే అంతా కాళ్ళతో ఎక్కి సంపాదించుకోవాలి. రెండవది సరిహద్దుకు ఆవల, కెనడాలోని విస్లర్. చలికాలంలో మంచుమీద జారే కొండకు వేసవిలో సైకిళ్ళు తగిలించుకొని లిఫ్టులు తిరుగుతాయి. 1999లో మొదలైన ఆ పార్కు ఈ క్రీడవారికి కాశీ వంటిది. అక్కడ ఏ-లైన్ అనే బాట ఉన్నది. యంత్రాలతో మట్టిని గుట్టలుగా పోసి, ఒక దూకుడు ముగిసేలోపే మరొకటి ఎదురయ్యేలా మలిచారు. ఎక్కే శ్రమ లేదు గనుక ఒక్క రోజులో, కాళ్ళతో ఎక్కేచోట దిగేదానికి నాలుగైదు రెట్లు దిగవచ్చు. సైకిలు అరుగుదలా, మనిషి అలసటా ఆ లెక్కనే ఉంటాయి.

"తాతయ్యా, కొట్టాయన 170 మిల్లీమీటర్లది తీసుకోమంటున్నాడు. రెండింటికీ పనికొస్తుందట."

"రెండింటికీ సమానంగానా?"

"అలాగే అన్నాడు."

ఆ మిల్లీమీటర్ల సంగతి నేనూ అక్కడే తెలుసుకున్నాను. ముందు ఫోర్కూ, వెనుక షాకూ దెబ్బ తగిలినప్పుడు చక్రాన్ని ఎంత మేర లోపలికి అణగనిస్తాయో ఆ కొలత. పందేలలో కొండలెక్కే తేలికపాటి వాటికి 100 నుండి 120. సాధారణ బాటల సైకిలుకు ఇంచుమించు 130, 140. కేవలం దిగడానికే పుట్టిన డౌన్‌హిల్ సైకిలుకు 200. మధ్యలో 150 నుండి 180 వరకు ఎండ్యూరో అనే జాతి. ఆ పోటీలలో ఎక్కడం స్వయంగా ఎక్కాలి, గడియారం మాత్రం దిగేటప్పుడే తిరుగుతుంది. 2013లో ప్రపంచస్థాయి ఎండ్యూరో పోటీల వరుస ఆరంభమైన తరువాత ఈ నడిమి జాతి బాగా పదునెక్కింది. కొట్టువాడు చూపినది ఇందులోదే.

నేను వాడికి సమాసం చెప్పాను. "రామలక్ష్మణులు" అంటే ఇద్దరూ వస్తారు. అది ద్వంద్వం, రెండు పదాలూ ప్రధానాలే. "రాజభటుడు" అని పిలిస్తే రాజు రాడు, భటుడే వస్తాడు. అది తత్పురుష, ఉత్తరపదానిదే పెత్తనం. అంగడివాడు ద్వంద్వమని అమ్ముతాడు. ఇనుముతోగాని అల్యూమినియంతోగాని చేసిన వస్తువులో ద్వంద్వం కుదరదు. ఫోర్కు వాలు పెంచితే దిగేటప్పుడు స్థిరత్వం, ఎక్కేటప్పుడు ముందుచక్రం అటూ ఇటూ తూలడం. లోతుగా అణిగితే రాయిమీద మెత్తదనం, తొక్కేటప్పుడు బలం కొంత స్ప్రింగులకే ధారపోయడం. కనుక ఏ పదం ప్రధానమో ముందు తేల్చుకో అన్నాను. ఎలా తేల్చాలి? కోరికనడిగితే అది విస్లర్ పేరే చెబుతుంది. దినచర్యను అడగాలి. వాడి ఫోనులో ప్రతి సవారీ నమోదై ఉన్నది. గడచిన సంవత్సరం గాల్‌బ్రెయిత్‌లోనూ ఆ చుట్టుపట్లా 91 రోజులు, పార్కులో 7 రోజులు. వాడే తెల్లబోయాడు. ఏడు రోజుల సంబరం కోసం తొంభై ఒక్క రోజులు ఎక్కువ బరువు కొండమీదికి తొక్కుతావా నాయనా అని అడిగితే బదులు రాలేదు.

ఇక్కడ ఒక మాట. ఈ సైకిలు పుట్టుక చూస్తే ఎక్కడం తరువాత వచ్చిన గుణమే. కాలిఫోర్నియాలోని మెరిన్ ప్రాంతంలో 1970ల కుర్రవాళ్ళు పాత ష్విన్ సైకిళ్ళను ట్రక్కుల మీద కొండకెక్కించి క్రిందికి దూసుకువచ్చేవారు. వెనుకకు తొక్కితే పడే బ్రేకులోని గ్రీజు కాగి పొగలుకక్కేది. దిగినాక మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకే 1976లో వారు మొదలుపెట్టిన పందెపు బాటకు రీప్యాక్ అనే పేరు స్థిరపడింది. గేర్లు తగిలించి, తామే తొక్కి ఎక్కడం నేర్చాకనే అది నేటి కొండ సైకిలు అయింది. మా అట్లాస్ సైకిలు ఇటువంటి తర్కాలేవీ ఎరుగదు. బియ్యం బస్తా, భార్య, ముందు కడ్డీమీద బిడ్డ, అన్నిటికీ అదొక్కటే. అయితే మేము దానిమీద గాలిలోకి ఎగరలేదు.

ఎగిరేవాడి విషయంలో, ప్రధానపదం కాకపోయినా ఆ ఏడు రోజులను తేలికగా తీసివేయరాదు. తొంభై ఒక్క రోజులలో సైకిలు చాలకపోతే ఆయాసం వస్తుంది. ఏడు రోజులలో చాలకపోతే ఎముక విరుగుతుంది. అందుచేత చట్రాన్ని ఎక్కుడుకు ఎంచి, ప్రాణం ఆనుకొని ఉండే భాగాలను దిగుడుకు ఎంచమన్నాను. ఆ భాగాలు మూడే. ఒకటి బ్రేకులు: నాలుగు పిస్టన్లవి, పళ్ళాలు 200 మిల్లీమీటర్లవి. దీర్ఘమైన దిగుడులో చిన్నవి వేడెక్కి పట్టు విడుస్తాయి. రెండవది టైర్లు. డౌన్‌హిల్ టైరు గోడ మందం. రాతికి చీలదు, కాని జతకు అరకిలో పైచిలుకు ఎక్కువ బరువు, అదీ తిరిగే చక్రం అంచున. దానిని సంవత్సరమంతా మోయనక్కరలేదు. టైర్లు మార్చుకోవచ్చు, చట్రాన్ని మార్చుకోలేము. మూడవది చక్రపు రిమ్ము, ముఖ్యంగా వెనుకది. చక్రాలు రెండూ 29 అంగుళాలవా, వెనుకది 27.5దా అన్న వివాదం కుర్రవాళ్ళు రాత్రి భోజనాల వేళ గంటసేపు సాగించారు. నేను పెరుగన్నం ముగించి లేచాను.

తేలినది ఇది: వెనుక 150, ముందు 160 మిల్లీమీటర్లు, అల్యూమినియం చట్రం, ఎక్కేటప్పుడు శరీరం పెడళ్ళకు సూటిగా పైన నిలిచేలా సీటుగొట్టం నిటారుగా ఉన్నది. కార్బన్ చట్రం తేలికే, కాని ఆ తేడా డబ్బుతో మంచి బ్రేకులూ, ఒక జత పార్కు టైర్లూ వస్తాయి. పార్కులో పెద్ద దూకుళ్ళ బాటలకు పోదలచిన రోజున అక్కడే డౌన్‌హిల్ సైకిలు అద్దెకు తీసుకోవాలి. ఆ ఊరిలో అద్దె కొట్లకు కొదువ లేదు. వాడు విస్లర్‌లోనే కాపురముంటే తీర్పు తలక్రిందులయ్యేది. అప్పుడు కొట్టువాడి 170నే కొనమనేవాణ్ణి, ఎక్కుడులో పడే ఆయాసాన్ని భరించమనేవాణ్ణి.

మా అమ్మాయి మధ్యలో ఒక్కసారే నోరు విప్పింది. "లెక్కలన్నీ బాగున్నాయి నాన్నా, హెల్మెట్ ఏ పద్దులో వేశారు?" అన్నది. నిజమే, గడ్డాన్నికూడా కప్పే నిండు హెల్మెట్‌కు మేమెవ్వరమూ పద్దు తీయలేదు. సైకిలుతో వచ్చిన పెడళ్ళు మార్చడం వాయిదా వేసి, పాత సైకిలు పెడళ్ళే ఊడదీసి బిగించి, మిగిలినదానికి వాడు గిడ్డంగిలో ఇంకొక రెండు వారాలు పనిచేశాడు. హెల్మెట్ ఇంటికి వచ్చేదాకా పార్కు టైర్ల జత మా అమ్మాయి బట్టల అలమారలో, తాళం క్రింద ఉన్నది.