కండెల వరుస

మా చిన్నోడికి ఏడేళ్లు. సాంచెల చప్పుడు వింటే చెవులు మూసుకుని ఏడ్చేవాడు. కండెలు రంగుల వారీగా పేర్చేవాడు. ఒకటి కదిపితే కేకలు. మొండితనమనుకుని చేయి కూడా చేసుకున్నాను.

సోలాపూర్‌లో సైకాలజిస్టు మేడం మూడు పూటలు వాడితో నేలమీద కూర్చుని ఆడింది. వాడు పుట్టినప్పటి నుంచి అన్నీ మమ్మల్ని అడిగింది. "ఇది ఆటిజం. రోగం కాదు, వాడి మెదడు తీరే వేరు. కళ్లలోకి చూడమని బలవంతం చేయొద్దు. చప్పుడుంటే చెవులకు హెడ్‌ఫోన్ పెట్టండి. రోజు పనులు బొమ్మలుగా గీసి గోడకి అంటించండి" అన్నది. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఇదీ ఉందట.

రాత్రి అమ్మ అన్నది: "నువ్వు సుత గిట్లనే ఉంటివి కొడుకా. మీ నాయిన కొడుతుండె."

నాకిప్పుడు నలభై. వచ్చే నెల నన్నూ చూస్తానన్నది మేడం. ఆ కొట్టుడు మాత్రం ఇక మా ఇంట్లో లేదు.