కర్టెన్ మడతలో సీతాకోకచిలుక

మీ అమ్మాయో, కోడలో ఇంగ్లండులో ఉందా? చలికాలంలో అక్కడికి వెళ్తే ఓ మాట గుర్తుంచుకోండి. ఇల్లు దులిపే ముందు కర్టెన్ మడతలు ఒకసారి చూడండి!

సర్రేలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, డిసెంబరులో ఓ పొద్దున కర్టెన్ పైన ఎండుటాకులాంటిది కనిపించింది. చీపురెత్తానో లేదో, అది రెక్కలు విప్పింది! నారింజరంగు మీద నల్లమచ్చలు, అంచున నీలిచుక్కలు. టార్టాయిస్‌షెల్ సీతాకోకచిలుక. బయటికి వదిలేద్దామని కిటికీ తీయబోతుంటే, అప్పుడే వచ్చిన పక్కింటి పెద్దావిడ గబగబా వారించింది.

ఈ రకం వేసవిలో తేనె తాగి, ఒంట్లో కొవ్వు దాచుకుని, షెడ్లలోనో, ఇళ్ళ మూలల్లోనో మార్చిదాకా నిద్రపోతుందట. చలికి తట్టుకునే ఏర్పాటు దాని ఒంట్లోనే ఉంది. ప్రమాదమల్లా మన హీటరుతోనే! గది వెచ్చబడితే వసంతం వచ్చేసిందనుకుని లేస్తుంది. బయట తేనె ఇచ్చే పువ్వులుండవు. ఎగిరినకొద్దీ దాచుకున్న కొవ్వు హరించుకుపోతుంది.

అందుకని ఆవిడ చెప్పినట్టే దాన్ని మెల్లగా అట్టపెట్టెలోకి తీసి, కాసేపు చల్లటిచోట ఉంచాం. సద్దుమణిగాక హీటరు లేని పెరటి షెడ్డు గోడ మీద వదిలాం. వసంతంలో వెళ్ళిపోవడానికి తలుపు దగ్గర సందు ఉంచాం.

మార్చిలో ఎండ కాసిన ఓ రోజున అమ్మాయి బాక్స్ హిల్ తీసుకెళ్ళింది. సుద్దరాతి కొండ. లండన్ నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. చెట్లు చాలావరకు మోళ్ళే. ఆ మోళ్ళ మధ్య నిమ్మపండు రంగులో ఓ సీతాకోకచిలుక! దాని పేరు బ్రిమ్‌స్టోన్. ఐవీ తీగ ఆకుల్లో తనూ ఓ ఆకులా కలిసిపోయి చలికాలం గడిపేస్తుంది. ఇంగ్లీషులో 'బటర్‌ఫ్లై' అన్న పేరు ఈ వెన్నరంగు వల్లే వచ్చిందని కొందరంటారు. చాలా సీతాకోకచిలుకలు కొన్ని వారాలే బతుకుతాయి. ఇదైతే ఇంచుమించు ఏడాది!

ఇంటికి రాగానే షెడ్డులోకి పరిగెత్తాను. గోడ మీద మా ఎండుటాకు లేదు. ఎగిరిపోయిందో, సాలీడు పాలైందో చెప్పలేను.

పక్కింటావిడ పెరట్లో తాకితే మండే నెటిల్ మొక్కల్ని పీకకుండా ఎందుకు ఉంచిందో అడిగాను. టార్టాయిస్‌షెల్ గుడ్లు పెట్టేది వాటిమీదేనట. 1970ల నుంచి ఈ సీతాకోకచిలుకలు బాగా తగ్గిపోయాయట కూడా.

ఇప్పుడు మా ఇంట్లో బూజు దులిపేటప్పుడైనా సరే, చీపురెత్తి ఓ క్షణం ఆగుతున్నాను. మీరూ ఆగి చూడండి!